మొగ్గుకు వేసిన చైను

“అన్నం చల్లగైపోతాండాదని మీ నాయనకు చెప్పు.”

చెప్పాల్సిన నాయన నాలుగడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఆయనకు చెవుడు లేదు. అయినా చౌడేశ్వరి అటు తిరిగి, “నాయనా, అన్నం” అంది.

“ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు,” అన్నాడు మార్కండేయ.

అంజనమ్మకూ చెవుడు లేదు. సోమవారం నుంచి ఈ గురువారం దాకా, నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ కూతురి మీదుగానే పోయి వస్తున్నాయి. మొదటి రోజు చౌడేశ్వరికి నవ్వొచ్చింది. రెండో రోజుకు విసుగొచ్చింది. ఈ రోజు మాత్రం భయం వేసింది. ఎందుకంటే నాయన మధ్యాహ్నానికే షాపు మూసి, పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

పెట్టెతోపాటు కంటికి పెట్టుకునే భూతద్దమూ, విప్పిన వాచీల మీద దుమ్ము పడకుండా బోర్లించే గాజు గిన్నెలూ వచ్చాయి. ధర్మవరం పట్టుచీరల బజారులో ఆ వాచీ షాపు పెట్టి ముప్పైనాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో అవి ఒక్కసారి కూడా ఇంటి గడప తొక్కలేదు.

“సోమవారం ఓబులేష్‌కు తాళంచెవి ఇచ్చేస్తానని మీ అమ్మకు చెప్పు,” అన్నాడాయన. “ఒకరి వస్తువు కాపాడలేనోడు ఆ స్టూలు మీద కూచోకూడదు.”

ఓబులేష్ ఆ గది సొంతదారు. సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళెవరో ఆ గది కోసం ఆర్నెల్లుగా అతని చుట్టూ తిరుగుతున్నారు.

ఆ మాటను చౌడేశ్వరి అమ్మకు చేరవేయలేదు. ఆ షాపులో నాయన స్టూలు పక్కన ఇంకో స్టూలు ఉంది. డిగ్రీ అయ్యాక మూడేళ్ళుగా అది ఆమెది. వచ్చినవాళ్ళు ఇప్పటికీ ‘మీ నాయన లేడా’ అనే అడుగుతారు. అడగనీ. నిరుడు నాయన చేతులు వణకడం మొదలైనప్పటి నుంచీ వాళ్ళ వాచీల మూతలు తీస్తున్నది ఆమే. ఆ గది పోతే తను కూర్చునే చోటంటూ ఊళ్ళో ఇంకొకటి లేదని ఆమెకు తెలుసు. నాయనకూ తెలుసు. తెలిసీ అంటున్నాడంటే ఎంత కుమిలిపోయి ఉంటాడో అనుకుంది.

ఇంతా చేసి, ఇదంతా ఒక చైను గొడవ. పట్టుచీరల వ్యాపారి దేవేంద్ర, చనిపోయిన తన తండ్రి స్విస్ వాచీకి పాత స్టీలు చైను తీయించి, దుబాయ్ నుంచి తెప్పించిన కొత్త చైను వేయించుకున్నాడు. పాతదాన్ని శుభ్రం చేసి తిరిగి ఇస్తానని మార్కండేయ ఇంటికి తెచ్చాడు. కుంకుడు రసంలో నానబెట్టి, తుడిచి, గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడు. ఆ గూట్లోనే అంజనమ్మ చిరిగిన పట్టుచీరల మూట ఉంది. పాత జరీ కొనే కుళ్ళాయప్ప వీధిలోకి వచ్చినరోజు మూటతోపాటు చైనూ పోయింది.

పోయిన సంగతి బయటపడింది సోమవారం. ఆరోజు దేవేంద్ర వచ్చి వాచీని కొత్త చైనుతో సహా షాపులో పెట్టేశాడు. అందరూ పెద్దక్క అని పిలిచే తన తల్లికి పాత చైనే కావాలట. ఆమెకు చూపు సరిగా ఆనదు. నలభై ఏళ్ళపాటు మొగుడు ఏ గదిలో ఉన్నాడో ఆ చైను చప్పుడును బట్టే తెలుసుకునేది. ఆయన పోయాక అదే చప్పుడు కొడుకు చేతికి మారి ఇంట్లో తిరుగుతుండేది. కొత్త చైను వచ్చాక ఇల్లు మూగదైపోయిందని ఆమె ముద్ద సరిగా ముట్టడం లేదు.

“ఏముండాదే ఆ చైనులో?” అంది అంజనమ్మ కూతురితోనే, కానీ గోడవైపుకు వినిపించేట్టుగా. “చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. అడ్డంగా పట్టుకుంటే వాలిపోయింది. కొత్తది వేసినాక పాతది ఎవరిక్కావల్ల? మడత కాడ చీలిన చీర ఎవరన్నా దాచుకుంటారా? జరీకి ఏసేస్తాం. నేను అట్లే అనుకున్నా. తక్కెట్లో ముల్లు కొంచెం తక్కువ నిలబడినాది. తూకం మొగ్గుకని ఏసినా.”

“మొగ్గుకంట,” అన్నాడు మార్కండేయ కూతురితో.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే సోమవారమే తేలిపోయేది. అరవని కోపం పొయ్యి మీద మరిచిపోయిన పాత్రలా ఇల్లంతా మాడు వాసన వేస్తుంది. అంజనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని కంచం మీద మూత పెట్టింది.

చౌడేశ్వరి ఇద్దరి మధ్యా కూర్చుని కాసేపు ఆలోచించింది. తర్వాత, ఆ కుళ్ళాయప్ప ఎక్కడుంటాడని తల్లిని అడిగింది. బత్తలపల్లె అని చెప్పింది అంజనమ్మ.

“ఎతకొద్దు,” అన్నాడు మార్కండేయ. “వాడు చీరలు కాల్చి వెండి తీసేవాడు. ఆ నిప్పులో ఏం మిగిలింటాది?”

“వెండి కరిగే నిప్పుకు స్టీలు కరగదు నాయనా. నువ్వు చెప్పిందే.”

మార్కండేయ తలెత్తి చూశాడు. కోపంలో మనిషికి తన విద్య కూడా తనకు గుర్తు రాదు. ఆయన కంచం మీది మూత తీశాడు. అది చాలనుకుంది చౌడేశ్వరి.

* * *

శుక్రవారం పొద్దున ఆమె బత్తలపల్లెలో బస్సు దిగింది. పాత జరీ కుళ్ళాయప్ప ఇల్లు ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారు. నాలుగో మనిషి చూపించింది నిజమైంది. ఊరి చివర రాతిగోడ, గోడ పక్కన నల్లబడిన గుంత, గుంత ఒడ్డున బూడిద జల్లించుకుంటున్న సన్నటి మనిషి.

తను ఫలానా అంజనమ్మ కూతురినని చెప్పగానే అతను జల్లెడ కింద పెట్టేశాడు.

“మీయమ్మ మొగ్గుకు ఏసిందే, దాని సంగతేనా? అది నాతో ఆటాడుకున్నాది పాపా. ఎండిదనుకుని నిప్పులో ఏసినా. చీరలన్నీ బూడిదైనాయి గానీ అది మాత్రం అట్లే పడుకోనుండాది. గీకి చూస్తే ఇనుము.”

“ఇప్పుడు యాడుండాది మామా?”

కుళ్ళాయప్ప జవాబు చెప్పేలోగా గోడ అవతల చిన్నగా గలగలమని వినిపించింది. పెద్ద చప్పుడేం కాదు. గాజుల చప్పుడు కాదు, గజ్జెల చప్పుడు కాదు. పలుచని రేకులు ఒకదాన్నొకటి మెల్లగా పలకరించుకుంటున్నట్టు ఉంది. చౌడేశ్వరికి కంటితో చూడకముందే అది ఏమిటో తెలిసిపోయింది. చూపు ఆనని మనిషి ఈ చప్పుడు కోసం అన్నం మానేసిందంటే ఆ క్షణంలో ఆమెకు ఆశ్చర్యమనిపించలేదు.

గోడమీదికి ఒక నల్ల మేకపిల్ల ఎగిరింది. దాని మెడలో ఎర్ర దారం, దారానికి స్విస్ వాచీ చైను.

“మా ఇంటామె కట్టింది,” అన్నాడు కుళ్ళాయప్ప కొంచెం సిగ్గుపడి. “కంచెల్లో యాడ దూరినా చప్పుడుకు తెలుస్తాదని.”

లాక్ ఏమైందని అడిగితే, నిప్పుకు వంకరపోయిందని పీకి పారేశానన్నాడు. చైను మధ్యలో రెండు లింకులు ఊడితే ఇంటామె దారంతో ముడేసిందట. చౌడేశ్వరి జరిగిందంతా చెప్పింది. అతను గడ్డం గీరుకుంటూ విన్నాడు. డబ్బులిస్తానంటే చేయి అడ్డం పెట్టాడు.

“దుడ్లు నాకేం వద్దు. మేకపిల్లకు ఒక గంట కొనిచ్చి తీసుకోనిపో. లేకుంటే మా ఇంటామె నన్ను కట్టేస్తాది.”

సెంటర్లో ఇత్తడి గంట కొనిచ్చి, చైనును చేతిరుమాలులో చుట్టుకుని ఆమె మధ్యాహ్నం బస్సెక్కింది. ఒళ్ళో మూట. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా మూట పలికింది. అలా పలికినప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చింది. పక్కన కూర్చున్నావిడ ఒకటికి రెండుసార్లు అనుమానంగా చూసింది కూడా.

ఇంటికి వచ్చేసరికి నాయన పడుకుని ఉన్నాడు. ఓబులేష్ వచ్చిపోయాడని మాత్రం అమ్మ చెప్పింది. ఎందుకో తనకు తెలియదంది.

* * *

శనివారం పొద్దున్నే చౌడేశ్వరి వెలుగు బాగా పడే చోట తెల్లగుడ్డ పరిచి, మెరుగుపెట్టిన పాత చైనునూ, నాయన పెట్టెలో వచ్చిన దేవేంద్ర వాచీ నుంచి విప్పిన కొత్త చైనునూ పక్కపక్కన పెట్టింది. అంజనమ్మ గడపలో కూర్చుంది. మార్కండేయ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కానీ చెవులు ఇటే ఉన్నాయి.

కొత్త చైనును అడ్డంగా పట్టుకుంటే కర్రలా నిలబడింది. ఒక్కో లింకూ గట్టి స్టీలు దిమ్మ. లింకుకూ లింకుకూ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. పిన్నులకు బదులు సన్నటి స్క్రూలున్నాయి. లాక్ లోపల వరసగా పళ్ళున్నాయి. ఎండకు మణికట్టు ఉబ్బితే ఒక పన్ను జరుపుకుంటే సరిపోతుంది.

పాతది అట్లా కాదు. పలుచని రేకును కిళ్ళీలా మడిచి చేసిన లింకులు, లోపలంతా బోలు. ఏళ్ళ తరబడి చెమటా దుమ్మూ చేరి పిన్నులున్న చోట బెజ్జాలు అరిగిపోయాయి. అడ్డంగా పట్టుకుంటే విల్లులా వంగిపోయింది. పెట్టుకున్నవాళ్ళ చేతి వెంట్రుకల్ని కూడా పీకే రకం. ఇప్పుడు పైగా లాక్ లేదు, రెండు లింకులు ఊడి ఉన్నాయి.

ఏది మేలని ఎవరిని అడిగినా కొత్తదే అంటారు. పది రోజుల కిందట చౌడేశ్వరిని అడిగినా అదే అనేది. ఇప్పుడామె రెండింటినీ చెవి దగ్గర ఊపి చూసింది. కొత్తది ఉలకలేదు, పలకలేదు.

“బోలు కాబట్టి పలుకుతాది,” అన్నాడు మార్కండేయ గోడతో. “గట్టి లింకుకు నోరు యాడిది?”

ఆమె నవ్వు దాచుకుని, అరిగిన బెజ్జాల్లో సన్నటి గొట్టాలు వేసి వదులంతా బిగిస్తానంది. ఈమధ్య అందరూ పాత చైన్లకు అదే చేస్తున్నారని కూడా చెప్పింది. అప్పుడు ఆయన మొత్తంగా ఇటు తిరిగాడు.

“బిగించొద్దు. ఊడినవి రెండూ కలుపు, మిగతాది ముట్టుకోవద్దు. ఆ వదులంతా పెద్దక్క మొగుడి చెయ్యి చేసింది. బిగిస్తే చైను బాగైతాది గానీ ఆయప్ప పోతాడు.”

అక్కడి దాకా బాగానే ఉంది. అసలు పేచీ లాక్ దగ్గర వచ్చింది. కొత్త చైను లాక్ విప్పి పాతదానికి వేద్దామని చౌడేశ్వరి అంది. రెండింటి వెడల్పూ కొలిచి చూసింది, సరిపోతుంది. మార్కండేయ ససేమిరా ఒప్పుకోలేదు. పాత వస్తువుకు కొత్త ముక్క తగిలిస్తే అది పాతదీ కాదు కొత్తదీ కాదు, అలాంటి అతుకుల పని తన చేతి మీదుగా ఎన్నడూ జరగలేదన్నాడు.

చౌడేశ్వరి ఆయనతో వాదించలేదు. గడపవైపు తిరిగింది. అంజనమ్మ ఇరవై ఏళ్ళుగా మగ్గాలున్న ఇళ్ళకు పోయి పడుగు పోగులు అతికి వస్తుంది. ఆ వీధిలో ఆమె చేతికి పేరుంది.

“అమ్మా, చీరలు నేసినాక మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలను ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను, అట్లే పెడతా,” అంది అంజనమ్మ ఇదేం ప్రశ్నన్నట్టు. “పాత కొసలు పీకేస్తే మగ్గం మళ్ళ మొదటినుంచి కట్టుకోవల్ల. కొసకు కొస కొత్త పోగు అతుకుతా. పాతది ముందు నడుస్తాది, కొత్తది దాని ఎనకాలే వస్తాది. మీ నాయనకు తెలీదా, మగ్గమింట్లో పుట్టినోడు.”

మార్కండేయకు తెలుసు. అందుకే దేవేంద్రను ఒక మాట అడగమన్నాడు.

దేవేంద్రకు ఫోన్ చేస్తే, అమ్మ ముద్ద తింటే చాలు, ఆ లాక్‌ను ఏమన్నా చేసుకోమన్నాడు.

ఇక మిగిలింది పని. పిన్ను పోగంత సన్నం. లింకు మడత లోపల బెజ్జాలు కంటికి కనబడవు. మూడు రేకులూ ఒకే వరసలోకి వచ్చాయని వేలికి తెలియాలి. చౌడేశ్వరి మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ చెమటకు వేలు జారింది. నాయన పట్టకారు అందుకోబోయి, వణికే తన చేతినే చూసుకుని, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చూడలేక చౌడేశ్వరి తల తిప్పుకుంది.

అంజనమ్మ లేచి లోపలికి పోయి తన బూడిద డబ్బా తెచ్చుకుంది. పడుగు అతికేవాళ్ళు పోగు జారకుండా వేళ్ళకు అద్దుకునే బూడిద అది. బొటనవేలికీ చూపుడువేలికీ అద్దుకుని, కూతురిని పక్కకు జరగమని, లింకును రెండు వేళ్ళ మధ్యకు తీసుకుంది. కళ్ళు మూసుకుంది. పోగును నలిపినట్టే పిన్నును నలుపుతూ లోపలికి తోసింది. టిక్కుమని చిన్న చప్పుడు. మొదటి లింకు కలిసింది.

రెండోదానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

“బూడిద చాలునా?” అన్నాడు మార్కండేయ.

“చాలు,” అంది అంజనమ్మ తల ఎత్తకుండా.

ఆ రెండు మాటలూ చౌడేశ్వరి మీదుగా పోలేదు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. లాక్ స్క్రూ వెతుకుతున్నట్టు గుడ్డ మీదికి వంగింది.

* * *

ముగ్గురూ కలిసే పెద్దక్క ఇంటికి వెళ్ళారు. మంచం మీద కూర్చున్న ఆ పెద్దావిడ చేతిలో దేవేంద్ర వాచీ పెట్టాడు. ఆమె ఒక్కసారి మణికట్టు తిప్పి ఊపింది. మళ్ళీ ఊపింది. ముఖంలో ముందు వెలుగు వచ్చింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

“అదే. అయితే రవ్వంత బరువుగా పలుకుతాండాది. ఎందుకు పాపా?”

శుభ్రం చేశాం కదా, అందుకని అంటే సరిపోయేది. దేవేంద్ర కూడా అదే చెప్పమన్నట్టు సైగ చేశాడు. చౌడేశ్వరి నాయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఇక్కడ ఒక్క అబద్ధం ఆడితే నాయన ఆ స్టూలు మీద మళ్ళీ కూర్చోడు, తనకూ కూర్చోవాలని ఉండదు.

“లాక్ కొత్తదవ్వా. పాతది మా చేతిలోనే పోయింది,” అని మొదలుపెట్టి ఆమె మూట, తక్కెడ, నిప్పు, మేకపిల్ల, ఏదీ దాచకుండా చెప్పేసింది. మొగ్గుకు వేసింది తనేనని అంజనమ్మ మధ్యలో కలగజేసుకుని ఒప్పుకుంది.

పెద్దక్క వాచీని చెవి దగ్గర మరోసారి ఊపి వింది.

“మేకపిల్లకు ఎందుకు కట్టినారంటివి?”

“కంచెల్లో యాడ దూరినా తెలుస్తాదని.”

పెద్దక్క పెదవులు వణికాయి. ఏడుస్తుందేమోనని దేవేంద్ర ముందుకు వంగాడు. ఆమె నవ్వుతోంది. “నేనూ అందుకే ఆ చప్పుడు ఇంటాంటిని,” అంది నవ్వుల మధ్య. “ఆయప్పా అంతే. యాడ దూరినాడో చైను చెప్పల్సిందే.”

ఆ వాచీ తన చేతికే ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఎండిన మణికట్టుకు చైను జారిపోతోంది. చౌడేశ్వరి అక్కడే కూర్చుని, అమ్మ వెంట తెచ్చిన బూడిద వేళ్ళకు అద్దుకుని, మూడు లింకులు తీసి సరిచేసింది. తీసిన లింకులు వాచీ ఇచ్చినవాళ్ళకే అప్పగించడం షాపు పద్ధతి. వాటిని కాగితంలో పెట్టి దేవేంద్రకు అందించబోయింది.

“అవి వాడికెందుకు?” అంది పెద్దక్క. “మీ షాపులోనే పెట్టుకోండి. నాలుగు రోజులు తిని ఒళ్ళు చేస్తే మళ్ళ వేయించుకుంటా.”

“పోగొట్టినోళ్ళ దగ్గరేనా అమ్మా?” అన్నాడు దేవేంద్ర మెల్లగా.

“ఎతికి తెచ్చినోళ్ళ దగ్గర.”

మార్కండేయ గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. ముప్పైనాలుగేళ్ళలో ఎందరో ఆయనకు వాచీలు అప్పగించారు. పోగొట్టాక కూడా నమ్మి అప్పగించింది ఈమె ఒక్కతే.

వీధిలోకి రాగానే అంజనమ్మ కొంగు సర్దుకుని, రేపు పనిముట్ల పెట్టె షాపుకు తీసుకుపోవాలని మొగుడితోనే నేరుగా అంది. చౌడేశ్వరి తన స్టూలుకు ఒక కాలు కదులుతోందని, దాన్ని కూడా బాగుచేయించాలని అంటోంది. మార్కండేయ నడక ఆపేశాడు.

“తాళంచెవి ఇచ్చేసినా,” అన్నాడు. “నిన్న ఓబులేష్ ఇంటికొచ్చినాడు. నువ్వు బత్తలపల్లెలో ఉండావు. ఇస్తానన్న మాటే కదా అని ఇచ్చేసినా. కొత్తోళ్ళు సోమవారం బోర్డు కడతారంట.”

అంజనమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఎండ నెత్తిన కొడుతోంది. మళ్ళీ నాలుగు రోజుల మౌనం మొదలవుతుందేమోనని చౌడేశ్వరి ఇద్దరి ముఖాలూ చూసింది. అంజనమ్మ మాత్రం కూతురి వైపు చూసి, ఓబులేష్ ఇల్లు ఉన్న సందు వైపు తల ఊపింది.

ఓబులేష్‌కు ఏం చెప్పాలో చౌడేశ్వరికి ఇంకా తెలియదు. ఒకరు నమ్మి దాచుకోమన్న వస్తువు తన దగ్గరుంది, దాన్ని పెట్టడానికి చోటు కావాలి. అంతవరకు మాత్రం తెలుసు. కాగితం పొట్లాన్ని గుప్పిట్లో పట్టుకుని సందులోకి తిరిగింది. వెనక నుంచి నాయన అడుగులు వినబడ్డాయి, వాటి వెనక అమ్మవి. ఆమె వేగం పెంచింది. గుప్పిట్లో మూడు లింకులూ మెల్లగా పలుకుతూనే ఉన్నాయి.